బోయజు పురద్వారానికి ఎందుకు వెళ్ళాడు?



ఈ రెండు నెలల్లో ముగ్గురు నన్ను ఒకే సంగతి అడిగారు. ఇద్దరు తల్లులు, ఒక తండ్రి. కొడుకు గల్ఫ్‌లో పనిచేస్తున్నాడు. అక్కడే పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయిని ఇష్టపడ్డాడు. పెళ్ళి వాళ్ళ ఊరి చర్చిలోనే జరగాలని అమ్మాయి తరఫువాళ్ళ పట్టు. "ఏమేం కాయితాలు గావాలె అయ్యగారూ? వీసా ఎట్ల? మీరొక లెటర్ రాసిస్తే అయిపోతదా?" అని అడుగుతున్నారు.

నాకు తెలిసినంతవరకు ఆ కాగితాల సంగతి ఇందులో రాస్తాను. అంతకన్నా ముందు, అలాంటి లెటరే అడిగిన ఒక తమ్ముడి గురించి, నా తప్పు ఒకదాని గురించి చెప్పాలి. సంబంధించిన ఇద్దరూ ఇది చదివి, రాయమని ఒప్పుకున్నారు. పేర్లు, ఊళ్ళు రాయడం లేదు.

కొన్నేళ్ళ క్రితం క్రిస్మస్‌కు ఆ తమ్ముడు దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చాడు. ఆరాధన అయ్యాక అందరూ వెళ్ళేదాకా ఆగి, మేడ్చల్‌లో కొనుక్కొచ్చిన స్టాంపు పేపరు నా ముందు పెట్టాడు. తనకు ఇంతవరకు పెళ్ళి కాలేదని అందులో టైపు చేయించాడు. దానికి తోడుగా సంఘం లెటర్‌ప్యాడ్ మీద అదే మాట నేను రాసి సంతకం పెట్టాలి. ఏజెంటు అడిగాడట.

నేను అతని ముఖం చూశాను. అతని పెళ్ళిలో ప్రార్థన చేసిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

అప్పటికి పదేళ్ళ కిందటి మాట అది. సెమినరీలో డిప్లొమా ముగించి, మా పెద్ద కాపరి గారి దగ్గర సహాయకుడిగా ఉన్న రోజులు. పెద్దయ్యగారికి 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సు ఉంది. ఆయనే పెళ్ళి జరిపించారు. అమ్మాయిది శామీర్‌పేట అవతల ఒక పల్లె. రెండేళ్ళు కూడా కలిసి ఉండలేదు. ఎవరిది ఎంత తప్పో ఇప్పుడు రాసి లాభం లేదు. ఇరువైపుల పెద్దమనుషులు కూర్చుని, పెట్టిపోతలు లెక్క చూసి, "ఎవరి దారి వాళ్ళది" అని తేల్చేశారు. కోర్టుకు ఎవరూ వెళ్ళలేదు. అతను దుబాయ్ వెళ్ళాడు. ఆమె పుట్టింటికి వెళ్ళింది.

"తమ్ముడూ, ఇది ఎట్ల సంతకం పెడుదు? నీ పెళ్ళి నేను చూసిన గదా" అన్నాను.

"చూసిన్రు అయ్యగారూ. కానీ గవర్నమెంటుల రికార్డు లేదు. నేను అన్నీ ఎంక్వయిరీ చేయించిన. పాస్‌పోర్టు చివరి పేజీల భార్య పేరు కూడా ఖాళీనే ఉంది. కాయితం లేనప్పుడు పెళ్ళి అయినట్టా, కానట్టా?"

ఆ ప్రశ్న అతణ్ణి కాదు, నన్ను పట్టుకుంది. ప్రభుత్వంలో రికార్డు ఎందుకు లేదో నాకు తెలుసు. పెళ్ళి అయిన రోజున రిజిస్టరు నింపింది నేను. వధూవరుల సంతకాలు, సాక్షుల సంతకాలు పెట్టించింది నేను. దాని ప్రతిని గడువులోగా ప్రభుత్వ వివాహ రిజిస్ట్రారుకు పంపించమని పెద్దయ్యగారు నాకు అప్పజెప్పారు. ఆ వారం సువార్త కూటాలు ఉన్నాయి. తరువాతి వారం ఇంకేదో పని. ఒక నెల దాటింది, ఒక సంవత్సరం దాటింది. "దేవుని ఎదుట జరిగింది, దేవుని గ్రంథంలో ఉంది, అది చాలదా?" అని నాకు నేను చెప్పుకున్నాను. వినడానికి భక్తిగా ఉంటుంది గానీ, అది బద్ధకం.

ఆ రాత్రి బీరువా కింది అరలోంచి పాత రిజిస్టరు తీశాను. పేజీ అలాగే ఉంది. ఆ అమ్మాయి సంతకం ఇంకా బడిపిల్ల రాతలా గుండ్రంగా ఉంది. పంపించవలసిన ప్రతి కూడా ఆ పుస్తకంలోనే ఉంది. ఆ పెళ్ళికి ఈ లోకంలో రాతపూర్వకమైన సాక్ష్యం ఏదైనా ఉంటే అది నా బీరువాలో ఉంది. నేను మాట్లాడకుండా ఉంటే చాలు, ఆ పెళ్ళి జరగనట్టే.

ప్రియులారా, ఆ రాత్రి రూతు గ్రంథం చదువుకున్నాను. పరదేశి అమ్మాయిని పెళ్ళి చేసుకున్న ఇశ్రాయేలీయుడి కథ అది. మనం ఎప్పుడూ రూతు నమ్మకత్వం గురించి ప్రసంగిస్తాం. నాలుగో అధ్యాయం వచ్చేసరికి తొందరగా దాటేస్తాం, అక్కడ అంతా వ్యవహారమే కదా అని. కానీ చూడండి. మూడో అధ్యాయంలో, కళ్ళం దగ్గర, రాత్రివేళ రూతు బోయజు దగ్గరికి వచ్చింది. అతనికి ఇష్టమే. ఆమెకూ ఇష్టమే. నయోమి పంపించింది. చూసేవాళ్ళు ఎవరూ లేరు. అయినా బోయజు ఒక అడ్డం ఉందని చెప్పాడు. తనకంటే దగ్గరి బంధువు ఒకడున్నాడు, ముందు హక్కు అతనిది. తెల్లవారగానే పురద్వారం దగ్గరికి వెళ్ళాడు. ఆ బంధువును పిలిచి కూర్చోబెట్టాడు. పదిమంది పెద్దలను కూర్చోబెట్టాడు. అతని మాట అతని నోటితోనే చెప్పించాడు. చెప్పు తీసి ఇచ్చే ఆచారం కూడా జరిగింది. సాక్షులుగా ఉండమని అందరినీ అడిగాడు. ఆ తరువాతే రూతును ఇంటికి తెచ్చుకున్నాడు.

ఆ దగ్గరి బంధువు సంగతి చెప్పకుండా దాటేస్తే, మోయాబు నుంచి వచ్చిన రూతుకు ఏం తెలుస్తుంది? ఇశ్రాయేలు చట్టం ఆమెకు కొత్త. ఆ ఊళ్ళో ఆమెకు నయోమి తప్ప అడిగే దిక్కు లేదు. రేపు ఎవరో వచ్చి హక్కు నాదంటే నష్టపోయేది ఆమే. బోయజు పురద్వారానికి వెళ్ళింది అందుకని నాకు ఆ రాత్రి అర్థమైంది. ఊరు తెలియని మనిషికి, ఆ ఊరు తెలిసిన మనిషి చేయవలసిన న్యాయం అది.

పొద్దున్నే తమ్ముణ్ణి పిలిచి, లెటర్ ఇవ్వనని చెప్పాను. "అయితే ఏజెంటే చేయిస్తడంట" అన్నాడు. అప్పుడు నాకు తెలిసిన రెండు సంగతులు చెప్పాను. ఒకటి మన చట్టం. భార్య బతికుండగా, విడాకులు కాకుండా మళ్ళీ పెళ్ళి చేసుకోవడం నేరం. 2024 జూలై నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో అది 82వ సెక్షను. ఏడేళ్ళ దాకా శిక్ష. మొదటి పెళ్ళి దాచిపెట్టి చేసుకుంటే పదేళ్ళ దాకా. అంతకుముందు శిక్షాస్మృతిలోనూ ఇలాగే ఉండేది.

రెండోది ఆ అమ్మాయి దేశం. ఫిలిప్పీన్స్‌లో ముస్లిములకు తప్ప మిగతావాళ్ళకు విడాకుల చట్టమే లేదు. ఒకసారి పేరు రిజిస్టరులోకి ఎక్కిందంటే తేలికగా దిగదు. అబద్ధం మీద జరిగిన ఆ పెళ్ళి చెల్లదని వాళ్ళ చట్టమే అంటుంది గానీ, అది చెల్లదని కోర్టు చేత చెప్పించుకోవడానికి ఆ పిల్ల ఎన్నేళ్ళు తిరగాలి? "నువ్వు దుబాయ్‌ల ఉంటవు. ఆమె ఊర్లె ఆమె తల ఎట్ల ఎత్తుకుంటది?" అని అడిగాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. "ఆమెకు చెప్పలేదు అయ్యగారూ" అన్నాడు చివరికి.

నేను కూడా నా సంగతి చెప్పాను. ఆ ప్రతి పంపించనిది నేనేనని చెప్పి, క్షమించమని అడిగాను.

తరువాతి ఆదివారం సాయంత్రం నేను, మా ఇంటామె కలిసి శామీర్‌పేట దాటి ఆ చెల్లె వాళ్ళ ఇంటికి వెళ్ళాం. జీనోమ్ వ్యాలీలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తోంది. షిఫ్టు దిగి అప్పుడే వచ్చింది. మళ్ళీ కలిసి బతికే అవకాశం ఏమైనా ఉందా అని ముందు అడిగాను. కాపరిగా అడగాలి కాబట్టి అడిగాను. లేదంది. అప్పుడు వచ్చిన పని చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. టీ గ్లాసులు కింద పెట్టి ఇలా అంది:

"ఆయనకు రేపు పెళ్ళి ఉందని మీరు నా దగ్గరికి వచ్చిన్రు అయ్యగారూ. ఇన్నేండ్లు నా దగ్గరికి ఎవరొచ్చిన్రు? నాకు పెళ్ళయినట్టు కాయితం లేదు, ఇడిచిపెట్టినట్టు కాయితం లేదు. ఏ ఆఫీసుల ఫారం నింపినా ఆ గడి కాడ నా చెయ్యి ఆగుతది. నేనెవరినని రాయాలె?"

నా దగ్గర జవాబు లేదు. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయంలో పరిత్యాగపత్రము గురించి ఉంది కదా. పురుషుని హృదయకాఠిన్యం వల్ల మోషే దానికి ఒప్పుకున్నాడని మన ప్రభువు చెప్పారు. దాన్ని ఎన్నోసార్లు బోధించాను. కానీ ఆ పత్రము స్త్రీ చేతికి ఇవ్వాలని ఎందుకుందో ఆలోచించలేదు. కాగితం లేకుండా పంపేస్తే ఆమె ఇటు భార్యా కాదు, అటు స్వతంత్రురాలూ కాదు. ఆ చెల్లెను అలా నిలబెట్టిన వాళ్ళలో పెద్దమనుషులున్నారు, నేనూ ఉన్నాను.

క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టంలో, ఇద్దరి ఒప్పుకోలుతో విడిపోయే వీలు 2001 సవరణతో వచ్చింది. 10ఎ సెక్షను. రెండేళ్ళు విడిగా ఉండాలని అందులో ఉంది. వీళ్ళు ఎన్నో ఏళ్ళుగా విడిగానే ఉన్నారు. ఇద్దరూ కలిసి పిటిషను వేయాలి. ఆరు నెలలు గడిచాక, పద్దెనిమిది నెలలు దాటకుండా, మళ్ళీ వచ్చి అదే మాట చెప్పాలి. వకీలు ముందుగా అడిగింది పెళ్ళి రుజువు. బీరువాలోని పేజీ అప్పుడు బయటికి వచ్చింది. పిటిషనులో ఆమెకు రావలసినది కూడా రాయించాం. పెద్దమనుషులు మరిచిపోయిన లెక్క అది.

సంఘంలో కొందరు నొచ్చుకున్నారు. "కాపరే విడాకులు ఇప్పిస్తున్నాడు" అన్నారు. ఆ మాట బాధించింది. ఇప్పటికీ నా దగ్గరికి వచ్చే భార్యాభర్తలకు నేను కలిసి బతకమనే చెబుతాను. మళ్ళీ పెళ్ళి విషయంలో సంఘంలో అందరి మనస్సాక్షి ఒకేలా ఉండదని కూడా నాకు తెలుసు. అయితే ఎప్పుడో విరిగిపోయినదాన్ని విరిగిందని చెప్పడం వేరు, విరవడం వేరు. నన్ను అడిగింది మొదట అబద్ధం రాయమని. దాని బదులు నిజం రాయించాను. అంతవరకే చేశాను.

ఫిలిప్పీన్స్ అమ్మాయికి తమ్ముడు అంతా చెప్పాడు. మూడు వారాలు ఆమె అతనితో మాట్లాడలేదు. తరువాత రెండు అడిగింది. ఆ రిజిస్టరు పేజీ ఫోటో చూపించమంది. విడాకులకు మొదటామె తన ఇష్టంతోనే ఒప్పుకుందా అని అడిగింది. రెండో ప్రశ్న విన్నప్పుడు నాకు బోయజు, ఆ దగ్గరి బంధువు గుర్తొచ్చారు. డిక్రీ వచ్చేదాకా ఆగుతానంది. ఆగింది. పోయిన సంవత్సరం వాళ్ళ ఊరి చర్చిలో పెళ్ళి జరిగింది.

ఇక మీరు అడిగిన కాగితాలు. ఫిలిప్పీన్స్‌లో పెళ్ళికి వాళ్ళ కుటుంబ చట్టం వర్తిస్తుంది. 1987లో చేశారు, 1988లో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం విదేశీయుడు తనకు పెళ్ళి చేసుకునే అర్హత ఉందని తన దేశపు దౌత్య కార్యాలయం నుంచి ధ్రువపత్రం తేవాలి. మనకైతే మనీలాలోని భారత రాయబార కార్యాలయం. కాపరి లెటరు దానికి బదులు కాదు. ముందు పెళ్ళి అయి ఉంటే కోర్టు డిక్రీ గానీ, భాగస్వామి మరణ ధ్రువపత్రం గానీ చూపాలి.

ఇక్కడి పత్రాలు అక్కడ చెల్లాలంటే, రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ తరువాత మన విదేశాంగ శాఖ 'అపోస్టిల్' ముద్ర వేయాలి. మొదటిసారి విన్నప్పుడు అపొస్తలుడికీ దీనికీ ఏమైనా చుట్టరికమా అనుకున్నాను. లేదు, పత్రం పక్కన రాసే గమనిక అని ఫ్రెంచి మాట. 1961లో హేగ్‌లో జరిగిన ఒప్పందం ఇది. మన దేశంలో 2005 నుంచి, ఫిలిప్పీన్స్‌లో 2019 మే నుంచి అమల్లో ఉంది.

అక్కడి స్థానిక సివిల్ రిజిస్ట్రారు దగ్గర ఇద్దరూ విడివిడిగా ప్రమాణం చేసి దరఖాస్తు ఇవ్వాలి. వివాహానికి ముందు కౌన్సెలింగుకు కూర్చోవాలి. పది రోజులపాటు నోటీసు అంటిస్తారు. ఆ తరువాతే లైసెన్సు. అది 120 రోజులు చెల్లుతుంది. వయసు 21 నుంచి 25 మధ్య ఉన్నవాళ్ళు తల్లిదండ్రుల సలహా కూడా తీసుకురావాలి. సలహా అనుకూలంగా రాకపోతే లైసెన్సు మూడు నెలలు ఆగుతుంది. ఎదిగిన పిల్లల పెళ్ళిలో అమ్మానాన్నల మాటకు అంత విలువ ఇచ్చిన చట్టం చూసి ఆశ్చర్యపోయాను. పెళ్ళి జరిపించే కాపరి కూడా ఆ దేశ సివిల్ రిజిస్ట్రార్ జనరల్ దగ్గర నమోదై ఉండాలి. కాబట్టి మీ పెళ్ళి చేయడానికి నన్ను తీసుకెళ్ళాలనుకోకండి. ఫోన్లో ప్రార్థన చేస్తాను.

వీసా సంగతి. 2025 జూన్ 8 నుంచి భారతీయులు పర్యాటకులుగా 14 రోజులు వీసా లేకుండా ఫిలిప్పీన్స్ వెళ్ళవచ్చు. ఆ 14 రోజులను పొడిగించరు. నోటీసుకే పది రోజులు పోతాయి. మధ్యలో శని, ఆదివారాలు, కౌన్సెలింగు. చాలవు. ముందే ఎక్కువ రోజులకు వీసా తీసుకుని వెళ్ళండి. తమ్ముడు అలాగే చేశాడు.

పెళ్ళయ్యాక కూడా పని ఉంది. భర్త దగ్గరికి వలస వెళ్ళే అమ్మాయికి ఆ దేశంలోని విదేశీ ఫిలిప్పీనీయుల కమిషన్ కౌన్సెలింగు చేసి సర్టిఫికెట్ ఇస్తుంది. మన దేశంలో ఉండాలంటే భారతీయుని భార్యగా ఎంట్రీ వీసా కావాలి. పెళ్ళి రిజిస్టరై, రెండేళ్ళు నిలిచాక ఓసీఐ కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు. నియమాలు మారుతుంటాయి. టికెట్ కొనేముందు రెండు రాయబార కార్యాలయాల వెబ్‌సైట్లూ చూడండి. అబద్ధం టైపు చేయించే ఏజెంటు దగ్గరికి మాత్రం వెళ్ళకండి.

విదేశీ పెళ్ళి గొడవ మనకు లేదనుకునే వాళ్ళకు కూడా ఒక మాట. మన రాష్ట్రంలో ప్రతి పెళ్ళీ నమోదు చేయాలని 2002లోనే చట్టం చేశారు. మీ పెళ్ళి నమోదైందా? ఇంట్లో చూసుకోండి. నేను నా పాత రిజిస్టర్లన్నీ తీసి చూస్తున్నాను. పంపించకుండా మిగిలిన ప్రతులు ఇంకా ఉన్నాయి. ఒక్కొక్క కుటుంబానికీ నేనే ఫోను చేసి, తప్పు ఒప్పుకుని, వాళ్ళతో పాటు ఆఫీసుకు వెళుతున్నాను.

యిర్మీయా అనాతోతులో పొలం కొన్నప్పుడు, పట్టణం శత్రువుల ముట్టడిలో ఉంది. అయినా క్రయపత్రము రాయించి, సాక్షుల సంతకాలు పెట్టించి, చాలా కాలం ఉండేలా మట్టికుండలో దాచమన్నాడు. రేపటి మీద విశ్వాసం ఉన్నవాడు చేసిన పని అది. విశ్వాసం ఉంటే కాగితం అక్కరలేదని నేను ఒకప్పుడు అనుకున్నాను. మనం లేనిచోట, మనల్ని ఎరగనివాళ్ళ ముందు, మన మాట నిజమని చెప్పేది ఆ కాగితమే. ఎక్కడో సముద్రం అవతల కూతుర్ని అప్పగించే తల్లి మన సంఘాన్ని చూడలేదు, మన సాక్ష్యాలు వినలేదు. ఆమె చేతికి వచ్చేది ఒక్క కాగితం. అందులో అబద్ధం ఉంటే మన సువార్త కూడా ఆమెకు అబద్ధమే.

మొన్న ఆ శామీర్‌పేట చెల్లె ఆరాధనకు వచ్చింది. ఏదో ఫారం నింపి వచ్చానని చెప్పింది. గడిలో ఏం రాసిందో నేను అడగలేదు.

ప్రార్థన చేద్దాం.

ప్రభువా, నీ నామము చెప్పి మేము బద్ధకించిన పనులను క్షమించుము. మా సంతకము పడిన ప్రతి చోట సత్యము నిలుచునట్లు చేయుము. మా మాట మీద ఆధారపడి దూరము నుండి వచ్చు కుమార్తెలను, మేము మరచిపోయిన కుమార్తెలను కాపాడుము. మా పిల్లలు కళ్ళము దగ్గర తీసుకొన్న నిర్ణయమును పురద్వారము దగ్గర చెప్పగల ధైర్యము వారికి దయచేయుము. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.